విరిగిన ముక్క పారేయకండర్రా

రండర్రా, కాస్త వెలుగు పడేలా కూర్చోండి. నా అరచేతిలో ఉన్న ఈ రెండు ఉక్కు ముక్కలు చూశారా? కారు చక్రాన్ని బండికి పట్టి ఉంచే స్టడ్డులివి. రెండూ విరిగినవే. ఒకే చక్రంలో పక్కపక్కన ఉండి విరిగినవి. అయినా ఒకటి విరిగిన తీరు వేరు, రెండోది విరిగిన తీరు వేరు. ఈ తేడా కనిపెట్టడానికి మాకు ఒక పూట పట్టింది.

కిందటేడు మీ అత్తయ్య వాళ్ళింటికి అమెరికా వెళ్ళాను కదా, అప్పటి సంగతి. వాళ్ళుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో. మీ మావయ్యకి పాత కార్లంటే ప్రాణం. 1966 నాటి డాడ్జ్ డార్ట్ ఒకటి కొని, గ్యారేజీలో దుప్పటి కప్పి పసిబిడ్డలా చూసుకుంటున్నాడు. ఆదివారాలు మాత్రం బయటికి తీస్తాడు. అమెరికా వాళ్ళ లెక్కలో అది చిన్న కారు. మన అంబాసిడర్ని తెచ్చి పక్కన నిలబెడితే మనదే పొడవులో చిన్నగా కనిపిస్తుంది. ఆ కారు ఇంజనులో ఆరు సిలిండర్లు నిటారుగా ఉండవు, 30 డిగ్రీలు పక్కకి వాలి ఉంటాయి. అందుకే దాన్ని స్లాంట్ సిక్స్ అంటారు. డార్ట్‌లు తయారైన డాడ్జ్ మెయిన్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఆ చుట్టుపక్కలే, హామ్‌ట్రామిక్‌ అనే ఊళ్ళో ఉండేది. 1980లో మూసేశారు. ఫ్యాక్టరీ పోయింది, అక్కడి బండ్లు ఇంకా తిరుగుతున్నాయి.

ఒక ఆదివారం పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీ బావని వెనక సీట్లో ఎక్కించుకుని బండి తీశాడు. వీధి చివరికి వెళ్ళేలోపే ముందు ఎడమవైపు చక్రంలోంచి ఒక చప్పుడు వినిపించింది. టక్... టక్... టక్... గిలక్కాయలో గింజ దొర్లినట్టు. బండి కాస్త వేగం అందుకోగానే ఆ చప్పుడు ఆగిపోయింది. మీ మావయ్య మొహం విప్పారింది. "పోయింది, మావయ్య గారూ!" అన్నాడు. నాకు మాత్రం అక్కడే భయం పట్టుకుంది. "బాబూ, ఆపండి. పక్కకి తీసి ఆపండి" అన్నాను.

ఎందుకు ఆపమన్నానో చెప్తాను. చెంబులో నీళ్ళు పోసి, దానికి తాడు కట్టి గిరగిరా తిప్పడం మీకు తెలుసుగా? నెమ్మదిగా తిప్పితే పైకి వెళ్ళినప్పుడు నీళ్ళు నెత్తిన పడతాయి. వేగంగా తిప్పితే చెంబు తలకిందులైనా ఒక్క చుక్క కారదు. చక్రం మధ్యలో పళ్ళెం లాంటి మూత ఒకటి ఉంటుంది, వీల్ కప్పు అంటారు. అందులో ఏదైనా ఒక ముక్క ఊడిపడి ఉంటే చక్రం నెమ్మదిగా తిరిగేటప్పుడు పైదాకా వెళ్ళి కిందికి జారి టక్కుమంటుంది. వేగం పెరిగితే చెంబులో నీళ్ళలాగే అంచుకి అతుక్కుపోతుంది, ఇక చప్పుడు చెయ్యదు. ఆ కప్పు వెడల్పునీ టైరు ఎత్తునీ పట్టి నేను వేసిన లెక్క ప్రకారం, గంటకి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే చాలు, లోపలి ముక్క అంచుని కరుచుకుని ఉండిపోతుంది. మాకు చప్పుడు ఆగిందీ అదే వేగం దగ్గర. బండిలో ఏ చప్పుడైనా వేగంతోపాటు పెరిగితే ఒక రకం అనుమానం. వేగం పెరిగితే మాయమయ్యే చప్పుడు మీద ఇంకా ఎక్కువ అనుమానం ఉండాలి, ఎందుకంటే మనిషి దాన్ని విని "బాగైపోయింది" అనుకుంటాడు.

బండిని నడక వేగంలో ఇంటికి తెచ్చాం. స్క్రూడ్రైవరుతో కప్పు ఊడదీయగానే, నట్టుతో సహా విరిగిన స్టడ్డు ముక్క ఒకటి మీ బావ చేతిలో పడింది. అదిగో, ఈ రెంటిలో పెద్దది అదే. చక్రానికి అయిదు స్టడ్డులు ఉండాలి. చూస్తే మూడే ఉన్నాయి. ఇప్పుడు విరిగింది ఒకటి, దాని పక్కది ఎప్పుడు విరిగిందో దేవుడికెరుక. దాని నట్టూ లేదు, ముక్కా లేదు. చక్రం చిల్లులోంచి చూస్తే లోపల మొండి మాత్రం కనిపిస్తోంది.

మిగిలిన మూడింటిలో ఎన్ని గట్టిగా ఉన్నాయి? పానా పెట్టేముందు చిన్న సుత్తి తెమ్మన్నాను. నట్టు మీద ఒక పక్క వేలు ఆనించి రెండో పక్క మెల్లగా కొట్టాలి. బిగుసుకుని ఉన్న నట్టు 'టంగ్'మంటుంది, దాని అదురు చక్రమంతా పాకుతుంది. వదులైనది 'దబ్'మని ఊరుకుంటుంది, వేలికి జరజరా తెలుస్తుంది. కుండ కొనేటప్పుడు మీ నానమ్మ వేలితో కొట్టి చూస్తుంది చూడండి, అదే విద్య. నా చిన్నప్పుడు బెజవాడ స్టేషన్లో రాత్రిపూట రైలాగితే, పొడుగాటి కర్రకి సుత్తి తగిలించుకుని ఒకాయన ప్రతి చక్రాన్నీ కొట్టుకుంటూ వెళ్ళేవాడు. నిద్రమత్తులో ఆ టంగు టంగు వింటూ పడుకోవడం ఎంత బాగుండేదో. ఒక్క చక్రం మొద్దుగా మోగిందంటే ఆయన ఆగి లాంతరు ఎత్తేవాడు.

మా మూడింటిలో రెండు టంగుమన్నాయి, ఒకటి దబ్బుమంది. అంటే అయిదింటికి నిజంగా పనిచేస్తున్నవి రెండే. ఆ చక్రం మీద మేం ముగ్గురం కూర్చుని వెళ్ళాం.

మీ మావయ్య అప్పటికే ఫోను తీసి కొత్త స్టడ్డులు ఎక్కడ దొరుకుతాయా అని వెతుకుతున్నాడు. "అరవయ్యేళ్ళ ఇనుము కదండీ, పాతబడిపోయింది. అయిదూ మార్చేస్తే సరి" అంటూ విరిగిన ముక్కని చెత్తబుట్ట వైపు తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మార్చడం ఎవరైనా మారుస్తారు. ఎందుకు విరిగిందో తెలియకుండా మారిస్తే కొత్తవి కూడా అదే దారిన పోతాయి. విరిగిన ముఖం మీద ఆ సంగతంతా రాసి ఉంటుంది. చదవడం తెలియాలంతే.

చదివే ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, తీగ బ్రష్షుతో రుద్దకూడదు. కాస్త కిరసనాయిలులో ముంచి మెత్తటి కుంచెతో జిడ్డు తీయాలి. రెండోది, విరిగిన రెండు ముక్కల్నీ ఒకదానికొకటి అతికించి చూడకూడదు. మనందరికీ చెయ్యి అలాగే పోతుంది. పగిలిన కప్పు కనిపిస్తే అతికించి చూడమా? కానీ ఉక్కు ముఖాలు ఒరుసుకుంటే ఆ సన్నటి రాతంతా చెరిగిపోతుంది. మీ బావ అప్పటికే మొండి దగ్గరికి ముక్క తీసుకెళ్తున్నాడు, గబుక్కున లాక్కున్నాను.

రాత ఎలా ఉంటుందో ముందు మీ చేతుల్తో చూద్దాం. ఆ సుద్దముక్క తీసుకుని రెండు చివరలా పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టు. చూశావా, విరిగిన చోటు అడ్డంగా లేదు, జిలేబీ చుట్టులా వంకర తిరిగింది. సుద్ద లాగుడుకి ఓర్వలేదు, అందుకని మెలిపెడితే ఏటవాలుగా చీలుతుంది. ఉక్కు అలా కాదు, సాగే గుణం ఉన్నది. మెలిపెడితే దాదాపు అడ్డంగా, చదునుగా తెగుతుంది. ఆ ముఖం మీద నీళ్ళలో సుడిలాగా చుట్లు కనిపిస్తాయి. నట్టుని బలవంతంగా తిప్పి విరగ్గొట్టినవి ఇలా ఉంటాయి.

ఊరికే లాగి తెంపితే ఇంకోలా ఉంటుంది. తెగేచోట ముందు నడుం సన్నబడుతుంది, తర్వాత ఒక ముక్క గిన్నెలా గుంటగా, రెండోది ఆ గిన్నెలో పట్టే బొడిపెలా విడిపోతుంది.

ఇక మూడో రకం. ఈ ఇనుప తీగ తీసుకుని అటూ ఇటూ వంచుతూ ఉండు. ఒక్కసారి వంచితే ఏమీ కాలేదు. పది, పదిహేను... అదిగో తెగింది. ఇప్పుడు తెగిన చోట ముట్టుకో, వెచ్చగా ఉందా? ఒక్కసారిలో తెంపలేని బలం పదేపదే వస్తే తెంపుతుంది. దీన్ని లోహానికి అలసట అంటారు, ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు. స్టడ్డు విషయంలో ఆ వంపు మన కంటికి కనపడనంత చిన్నది, కానీ లక్షల సార్లు వస్తుంది. మర చుట్టు అడుగున ఉండే సన్నటి గాడిలో వెంట్రుకంత పగులు పుడుతుంది. రోజుకి కొంచెం కొంచెం లోపలికి పాకుతుంది. పాకి ఆగినప్పుడల్లా ఒక గీత మిగులుతుంది. కాకినాడ తీరంలో అల వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో వంపు గీతలు పడతాయి చూశారుగా, ఆల్చిప్ప వీపు మీద ఉన్నట్టు? అచ్చం అవే. చివరికి మిగిలిన కాస్త లోహం బరువు మొయ్యలేక ఒక్కసారిగా ఫట్టుమంటుంది. ఆ చివరి భాగం మాత్రం పటికబెల్లం ముక్కలా గరుగ్గా ఉంటుంది.

ఇప్పుడు భూతద్దం పెట్టి ఈ పెద్ద ముక్కని చూడండి. ఒక అంచు నుంచి మొదలుపెట్టి సగానికి పైగా నున్నగా, గోధుమరంగు తిరిగి ఉంది. అందులో ఆల్చిప్ప గీతలు. అవతలి అంచున చంద్రవంక అంత మేర తళతళమంటూ గరుగ్గా ఉంది. తుప్పు పట్టిన భాగం పాతది, మెరిసేది కొత్తది. అంటే ఇది ఆ ఆదివారం విరగలేదు, ఆ ఆదివారం విరగడం పూర్తయింది. నెలల తరబడి విరుగుతూనే ఉంది.

మరి చక్రం లోపలి మొండి? దాన్ని అలాగే బ్యాటరీ లైటు వేసి చూశాం. ముఖమంతా ఒకే రంగు తుప్పు. కానీ తుప్పు కింద సుడి చుట్లు స్పష్టంగా ఉన్నాయి. ఆల్చిప్ప గీత ఒక్కటీ లేదు. మెలిపెడితే ఒక్క దెబ్బకి తెగినది. ముఖమంతా ఒకేలా తుప్పుపట్టింది కాబట్టి, ముందు ఇది పోయింది, పక్కది తర్వాత పోయింది. వరస దొరికింది.

ఇక్కడ మీకు ఇంకో సంగతి తెలియాలి. చక్రాన్ని స్టడ్డులు ఎలా మోస్తాయి? గోడకి కొట్టిన మేకు చొక్కాని మోసినట్టు మోస్తాయని అందరూ అనుకుంటారు. ఓ పది పుస్తకాలు తెచ్చి, వరసగా నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య అదిమి పైకెత్తు. మధ్యలో పుస్తకాన్ని ఎవరు పట్టుకున్నారు? కింద చెయ్యి లేదు. నువ్వు రెండువైపులా నొక్కుతున్నావు, ఆ నొక్కుడికి పుట్టిన రాపిడే మోస్తోంది. కాస్త చేతులు వదులు చెయ్యి... పడ్డాయా? చక్రమూ అంతే. స్టడ్డు పని చక్రాన్ని దాని వెనకున్న బ్రేకు డ్రమ్ముకేసి అదమడం. బరువు మోసేది ఆ రెండిటి మధ్య రాపిడి.

ఆ అదుము ఎంతో చెప్పనా? ఆ డార్ట్‌కి సర్వీసు పుస్తకం చెప్పే బిగింపు 55 అడుగు-పౌండ్లు. అంటే అడుగు పొడవున్న పానా చివర పాతిక కిలోల బియ్యం మూట వేలాడదీసినంత. ఆ కాస్త బలానికి ఒక్కో స్టడ్డు సుమారు మూడు టన్నుల బలంతో చక్రాన్ని నొక్కుతుంది. అయిదూ కలిసి పదిహేను టన్నులు. ఆ చక్రం మోసే బరువేమో మూడు నాలుగు వందల కిలోలు! ఇంత ఎడం ఉంది కాబట్టే సరిగ్గా బిగించిన చక్రం గుంతల్లో పడినా కదలదు.

మూడు టన్నులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? బిగిస్తే ఉక్కు స్టడ్డు రబ్బరు బ్యాండులాగా సాగుతుంది. వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ముడుచుకోవాలనే తాపత్రయమే అదుము. ఎంత సాగుతుంది? మీ తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. నన్ను ఇన్నేళ్ళుగా అబ్బురపరిచే సంగతి ఇదే. మన ప్రాణం అర వెంట్రుక సాగుడు మీద ఉంది. అందుకే చక్రం వెనక, డ్రమ్ముకి ఆనే చోట, ముద్దగా రంగు పూయకూడదు. అక్కడ ఒక పొర రంగు వెంట్రుక మందం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ రంగు నలిగి పక్కకి జరిగితే స్టడ్డు సాగుడంతా తిరిగి ముడుచుకుంటుంది, అదుము మాయం. పానా పట్టుకున్నవాడు గట్టిగానే బిగించి ఉంటాడు పాపం.

ఇంకో చిత్రం. మనం పానా మీద పెట్టే బలంలో నూటికి పది పాళ్ళే స్టడ్డుని సాగదీస్తాయి. సగం నట్టు అడుగున రాపిడికి, నలభై దాకా మర చుట్లలో రాపిడికి ఖర్చయిపోతాయి. మర తుప్పుపట్టి ఉంటే ఆ పది కూడా మిగలదు, పానాకి బిగిసినట్టే ఉంటుంది, చక్రానికి బిగింపు ఉండదు. మరకి నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే బియ్యం మూటకి స్టడ్డు అతిగా సాగుతుంది. అందుకని పొడిగా, శుభ్రంగా ఉన్న మరకి చెప్పిన లెక్క పొడి మరకే వాడాలి.

సరే, మన స్టడ్డుల దగ్గరికి వద్దాం. అయిదింటిలో ఒకటి పోతే అదుము అయిదో వంతు తగ్గిందని సరిపెట్టుకోకండి. ఆ పక్కన చక్రం కొంచెం కదలడానికి సందు దొరికింది. చక్రం ఒక చుట్టు తిరిగితే పక్క స్టడ్డు ఒకసారి అటూ ఇటూ వంగుతుంది. ఆ టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. కిలోమీటరుకి 500 పైన చుట్లు. మీ మావయ్య టైర్లు మార్చిన దగ్గర్నుంచి 1500 కిలోమీటర్లు తిరిగానన్నాడు. లెక్క కట్టు చూద్దాం. ఏడెనిమిది లక్షల వంపులు! మీ తీగ పదిహేనుకే తెగింది.

"అరవయ్యేళ్ళ పాతది కదా" అన్నాడు మీ మావయ్య మళ్ళీ. ఈ మాట ఆయనొక్కడిదే కాదు, నూట డెబ్బై అయిదేళ్ళ కింద పెద్ద పెద్ద రైల్వే ఇంజనీర్లూ ఇలాగే అనేవారు. 1842 మే నెలలో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర ఒక రైలింజను ఇరుసు విరిగి, పట్టాలు తప్పి, పెట్టెలు అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటినుంచీ ఇరుసులెందుకు విరుగుతున్నాయన్నది పెద్ద చర్చ. విరిగిన చోట గరుకు చూసి, ఇనుము అదిరి అదిరి లోపల పలుకులు కట్టేసిందన్నారు చాలామంది. జర్మనీలో ఔగుస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసుల్ని యంత్రానికి బిగించి, తిప్పి తిప్పి, ఏళ్ళ తరబడి లెక్క రాశాడు. ఎంత బరువుకి ఎన్ని చుట్లకి విరుగుతుందో పట్టిక కట్టాడు. అందులో తేలింది ఏమిటంటే, ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని లక్షల చుట్లైనా విరగదు. వయసు దానంతటదే ఉక్కుని విరగ్గొట్టదు. తుప్పు తినకుండా, బిగింపు సడలకుండా ఉంటే ఆ స్టడ్డు ఇంకో అరవయ్యేళ్ళు పనిచేసేది. అదే బండికి కుడివైపు రెండు చక్రాల్లో పదికి పది స్టడ్డులూ దివ్యంగా ఉన్నాయి. అవీ 1966 నాటివే.

కుడివైపు అన్నానుగా, అక్కడే తాళంచెవి దొరికింది. ఎడమ చక్రంలో మిగిలిన స్టడ్డుల కొసలు గుడ్డతో తుడిచి చూడరా అని మీ బావతో అన్నాను. ఇంగ్లీషు ఎల్ అక్షరం చెక్కి ఉంది. లెఫ్ట్ అన్నమాట. నేను అనుకున్నదే. క్రైస్లర్ వాళ్ళు 1970 దాకా బండికి ఎడమవైపు చక్రాలకి ఎడమ మర పెట్టేవాళ్ళు. మన మెకానిక్కులు ఉల్టా త్రెడ్ అంటారే, అది. మామూలు నట్టుని గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే బిగుస్తుంది. ఇది దానికి ఎదురు తిప్పితే బిగుస్తుంది. చక్రం తిరుగుడుకి నట్టు దానంతటదే ఊడకూడదన్నది వాళ్ళ ఉద్దేశం. మీ సైకిలుకి ఎడమ పెడలు మర కూడా ఎడమదే. మన పాత లారీల్లోనూ ఎడమ చక్రాలకి ఇదే ఏర్పాటు ఉండేది. గుర్తు పెట్టుకోవడం తేలిక: ఈ ఏర్పాటున్న బండిలో ఏ వైపైనా సరే, బండి ముందుకి వెళ్ళేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో నట్టుని అటు తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వస్తుంది.

ఇది తెలియని మనిషి గాలితో తిరిగే గన్ను పట్టుకుని విప్పబోతే ఏమవుతుంది? విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు. రావడం లేదని ఇంకా గట్టిగా నొక్కుతాడు. స్టడ్డు సాగి సాగి, మెలి తిరిగి, ఫట్. మొండి మీది సుడి ఎటు తిరిగిందో మళ్ళీ చూశాం. గడియారానికి ఎదురు దిక్కున. అంటే విరిగిన క్షణంలో ఆ నట్టుని బిగించే వైపే తిప్పారు.

మీ మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కిందటి ఆగస్టులో కొత్త టైర్లు వేయించాను, మావయ్య గారూ. నేను అద్దాల అవతల కూర్చున్నాను. ఈ పక్కన గన్ను చాలాసేపు మోగింది" అన్నాడు. పని చేసిన అబ్బాయికి రెండో నట్టు దగ్గర తెలిసొచ్చి ఉంటుంది. అప్పుడైనా పిలిచి "ఒకటి విరిగిందండీ" అని ఒక్క మాట చెప్పి ఉంటే అరగంట పనితో పోయేది. మూత పెట్టేశాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ మూతే. విరగడం పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. దాచడం వేరు.

నిర్ధారణ అయ్యాక కూడా మిగతా అనుమానాలు వదల్లేదు. వదులైన నట్టు చుట్టూ కుంకుమ జల్లినట్టు సన్నటి ఎర్రపొడి, చిల్లు నుంచి బయటికి చారలు. రెండు లోహాలు కదులుతూ ఒరుసుకుంటే రాలే తుప్పు అది. మీరూ ఏ లారీ పక్కనో నిలబడినప్పుడు నట్టుల చుట్టూ ఆ ఎర్రచారలున్నాయేమో చూడండి, ఉంటే డ్రైవరుకి చెప్పండి. చక్రం విప్పి చూస్తే ఆ చిల్లు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఇక ఆ చక్రం పనికిరాదు. నట్టు ముక్కు శంకువులా ఉంటుంది, అది చిల్లు అంచులో అంతటా ఆనుతోందా లేదా? ముక్కుకి సుద్దపొడి రాసి, వేళ్ళతో బిగించి తీశాం. మంచి చిల్లుల్లో వలయంలా తెల్లగా అంటింది, సాగిన చిల్లులో రెండు పక్కలే అంటింది. నట్టుల రకం సరైనదే. గుంతలో పడి వంగిందా అంటే రిమ్ము అంచు తిన్నగానే ఉంది.

టంగుమన్న రెండు స్టడ్డులైనా బాగున్నాయా అంటే, కొత్త నట్టుని వేళ్ళతో ఎక్కించి చూశాం. ఒకటి సాఫీగా మొదలైంది, కొంత దూరం వెళ్ళి బిర్రబిగుసుకుంది. తుప్పు లేదు, దుమ్ము లేదు, మరి ఎందుకు? గన్ను దెబ్బకి అక్కడ సాగిపోయి, మర చుట్ల మధ్య ఎడం పెరిగింది. రబ్బరు బ్యాండులాగే ఉక్కూ తిరిగి ముడుచుకుంటుంది, కానీ హద్దు మీరి లాగితే ఆ మీరిన మేర సాగే ఉంటుంది. అలాంటిది ఇంకోసారి నమ్మదగింది కాదు. అందుకని ఆ చక్రానికి అయిదూ మార్చాలన్న మీ మావయ్య మాటే చివరికి నిలిచింది. కారణం మాత్రం మారింది.

మార్చడంలో ఒక మెలిక ఉంది, అది మాత్రం చెప్పి తీరాలి. ఆ కాలం క్రైస్లర్ బండ్ల ముందు చక్రాల్లో ఇరుసు మీద తిరిగే హబ్బునీ, డ్రమ్మునీ కలిపి పట్టి ఉంచేది కూడా ఆ స్టడ్డులే. ఫ్యాక్టరీలో స్టడ్డు మొదట్లో చుట్టూ లోహాన్ని నొక్కి, రివెట్టులా పువ్వు విచ్చినట్టు చేసేవారు. ఆ పువ్వుని కోసెయ్యకుండా సుత్తితో వెనక్కి కొడితే అది బలవంతంగా దూరి హబ్బు చిల్లుని పెద్దది చేస్తుంది. కొత్త స్టడ్డు మెడకి సన్నటి పళ్ళుంటాయి. అవి చిల్లులో కరుచుకోవాలి. చిల్లు పెద్దదైతే నట్టుతోపాటు స్టడ్డూ గిర్రున తిరుగుతుంది. అందుకని హబ్బు మొత్తం విప్పి, బేరింగులు గుడ్డలో చుట్టి, లేతు ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పువ్వు వరకే కత్తిరించి, ప్రెస్సు మీద ఒక్కొక్కటీ నెమ్మదిగా దింపాడు. విరిగిన చోట వెల్డింగు పెట్టిద్దామా అని మీ బావ అడిగితే ఆయన గట్టిగా తల అడ్డంగా తిప్పాడు. ఆ వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది.

కొత్తవి కుడి మరవి వేద్దామా, మళ్ళీ ఎవరూ పొరపడకుండా? అలా మార్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, తప్పేం లేదు. క్రైస్లర్ వాళ్ళే తర్వాత ఆ పద్ధతి మానుకున్నారు, సరిగ్గా బిగించిన నట్టుకి ఏ మరైనా ఒకటే. కానీ ఒక పక్క ముందు చక్రం కుడి మర, వెనక చక్రం ఎడమ మర అయితే ఇంకా ప్రమాదం. మారిస్తే రెండూ మార్చాలి. మీ మావయ్య ఎడమ మరే ఉంచాడు. వీల్ కప్పు లోపల ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు వేశాడు.

కొత్త చక్రం పెట్టి, నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగిస్తూ వెళ్ళాం. చివరి బిగింపు టార్క్ రెంచితో మీ బావే చేశాడు. 55 రాగానే అది టిక్కుమంటుంది, అక్కడ ఆపాలి. మరుసటి ఆదివారం ఓ ఎనభై కిలోమీటర్లు తిరిగొచ్చాక, అందరూ లోపలికి వెళ్ళిపోయినా వాడు మాత్రం కప్పు తీసి రెంచి పెట్టాడు. నాలుగు నట్టులు కదలకుండానే టిక్కుమన్నాయి. అయిదోది చిటికెడు తిరిగి అప్పుడు టిక్కుమంది. "తాతయ్యా, అర వెంట్రుక!" అని గ్యారేజీలోంచి కేకేశాడు.